బోర్డు మీద లేని సిగరెట్టు

పొద్దున ఎనిమిది కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉన్న పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ జిన్నింగు మిల్లు ముందు అప్పటికే యాభై మంది పనివాళ్ళు వరస కట్టారు. గేటు బార్లా తీసే ఉంది. అయినా ఎవరూ తోసుకుని లోపలికి పోవడం లేదు. గేటు మధ్యలో స్టూలు వేసుకుని వాచ్‌మన్ మాబు సాహెబ్ కూర్చుని ఉన్నాడు మరి!

ఆయన పక్కన గోడకి ఆనించి ఒక చెక్క అల్మారా ఉంది. దాని నిండా చిన్న చిన్న గూళ్ళు, గూటికో పేరు. లోపలికి వెళ్ళే ప్రతి మగవాడూ జేబులోని బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి తన గూట్లో పెట్టి వెళ్ళాలి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తిరిగి తీసుకోవాలి.

"ఏంరా, నిన్న ఏడు బీడీలే పెట్టావు, ఇవాళ పదకొండున్నాయే! మీ మామగారు గానీ ఊళ్ళోకి దిగాడా?"

"సాయిబు గారూ, మా ఆవిడన్నా నా జేబులు ఇంత శ్రద్ధగా వెతకదండీ!"

"ఆవిడ చిల్లర కోసం వెతుకుద్ది. నేను నీ ప్రాణం కోసం వెతుకుతున్నా. చేతులెత్తు!"

ఇలా రోజూ నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళేవారు. కానీ ఆ నవ్వు వెనుక ఎంత భయం ఉందో పత్తి మిల్లు లోపల ఒక్క పూట నిలబడి చూసినవారికే తెలుస్తుంది. గాలిలో దూది పీచు తేలుతూ ఉంటుంది. దూలాల మీద దూది, ఫ్యాను రెక్కల మీద దూది, మనుషుల కనుబొమల మీద కూడా దూదే. అంత దూదిలో ఒక్క నిప్పురవ్వ పడితే, లోపల పనిచేసే నలభై మంది ఆడవాళ్ళలో ఎంతమంది తిరిగి ఇల్లు చేరతారో తలుచుకుంటేనే గుండె జారిపోతుంది.

అందుకే గేటు పక్కన ఎర్ర రంగుతో పెద్ద బోర్డు రాయించారు: పొగ త్రాగరాదు. బీడీలు, సిగరెట్లు, అగ్గిపెట్టెలు, లైటర్లు లోపలికి తేరాదు. 2008 అక్టోబరులో బహిరంగ ప్రదేశాల్లో ఎవరూ పొగ తాగకూడదని దేశమంతటికీ రూలు వచ్చినప్పుడు, మాబు సాహెబ్ ఆ పేపరు తెచ్చి అందరికీ చూపించి, "ఢిల్లీ వాళ్ళకి ఇప్పుడు తెలిసొచ్చింది. మన గేటు దగ్గర ఇరవయ్యేళ్ళ నుంచే ఉంది!" అని మీసం దువ్వుకున్నాడు.

ఆ మాట అని ఏడాది దాటింది. ఇప్పుడు పత్తి సీజను మంచి ఊపు మీద ఉంది. ఆ ఉదయం వరసలో చివరగా మిల్లు ఫిట్టరు కోటేష్ వచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి, సినిమా హాల్లో టికెట్టు దొరికినవాడిలా నవ్వాడు.

"మన గూడు ఖాళీ సాయిబు గారూ! ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు."

"శభాష్ రా కోటేషూ! రోజుకో పెట్టె తగలేసేవాడివి. ఎట్టా మానావురా?"

"మనసుండాలండీ, మనసు!" అన్నాడు కోటేష్ గుండె మీద చెయ్యి పెట్టుకుని. ఆ చెయ్యి కిందే చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె ఒకటి ఉంది. మాబు సాహెబ్ దాన్ని చూశాడు. కళ్ళజోడు పెట్టెలో కళ్ళజోడే ఉంటుందని అనుకోవడం తప్పేమీ కాదు కదా!

కోటేష్ భార్య నాగజ్యోతి అదే మిల్లులో పత్తి ఏరే పని చేస్తుంది. యంత్రంలోకి పోయే ముందు పత్తిలోంచి ఎండుటాకులు, పుచ్చిన కాయలు, రంగు మారిన పింజలు ఏరి గంపలో వేయాలి. ఆమె చేతులు ఎంత చురుకో, మనసు అంత పిరికి. భర్త పావుగంట ఆలస్యమైతే హైవే మీద లారీలన్నీ ఆమె కళ్ళ ముందు తిరుగుతాయి. ఇంటర్ చదువుతున్న కూతురు శ్రీదివ్య తుమ్మితే చాలు, ఆమె ఊహ ఆస్పత్రిలో మంచం దాకా వెళ్ళిపోతుంది. ఆమెని చూసి అందరూ నవ్వుతారు. కానీ తల్లి అయినవాళ్ళకి తెలుసు, ఆ భయాల్లో సగం ప్రేమే.

పదిహేడేళ్ళ కాపురంలో ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం కోటేష్ దగ్గు. అతను సిగరెట్లు మానేశాడని తెలిసిన రోజున కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. మూడు రోజులు హాయిగా నిద్రపోయింది. నాలుగో రోజు నుంచి కొత్త భయం పట్టుకుంది.

"జయక్కా, ఆయన ఎప్పుడూ లేనిది కళ్ళజోడు పెట్టె జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ముట్టుకోబోతే 'అద్దాల మీద గీతలు పడతాయి, వద్దు' అంటాడు. కళ్ళు గానీ పోతున్నాయంటావా?" అని పక్కన పత్తి ఏరుతున్న జయకుమారిని అడిగింది.

జయకుమారి ఆడవాళ్ళ మేస్త్రి. ఆ మిల్లులో పాతమనిషి. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. "ఒసేయ్ జ్యోతీ! మొగుడు సిగరెట్లు తాగితే ఊపిరితిత్తులు పోతాయని ఏడ్చావు. మానేస్తే కళ్ళు పోతున్నాయని ఏడుస్తున్నావు. ఆయనకింకా మోకాళ్ళున్నాయి, చెవులున్నాయి. సీజనంతా సరిపోద్దిలే, నిదానంగా ఏడువు!"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నాగజ్యోతి కూడా నవ్వింది. నవ్వుతూనే, ఆదివారం భర్తని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోవాలని నిశ్చయించుకుంది.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది?

మూడు వారాల క్రితం మిల్లుకి బేరింగులు కొనడానికి కోటేష్ గుంటూరు వెళ్ళాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టులో ఒక కొత్త వస్తువు కనిపించింది. చూడటానికి అచ్చం సిగరెట్టే. కానీ లోపల చిన్న బ్యాటరీ, కొంచెం మందు. నోట్లో పెట్టుకుని పీలిస్తే కొసన ఎర్రటి లైటు వెలుగుతుంది. బ్యాటరీ వేడికి ఆ మందు మరిగి తెల్లగా పొగలాగా బయటికి వస్తుంది. ఆ మందులో ఉన్నది నికోటిన్. పొగాకులో మనిషిని వదలకుండా పట్టుకునేది కూడా అదే.

"ఇది సిగరెట్టు కాదన్నా, ఎలక్ట్రానిక్ ఐటెం," అన్నాడు కొట్టువాడు. "బస్సులో తాగు, సినిమా హాల్లో తాగు, ఆస్పత్రిలో తాగు. అడిగేవాడు లేడు."

"మరి రూలు?"

"రూలు సిగరెట్టుకి అన్నా. దీని పేరు ఏ రూల్లో ఉందో చూపించమను!"

ఆ మాట కోటేష్‌కి తేనెలా తగిలింది. ఇంట్లో భార్య భయం, మిల్లులో సాయిబు గారి స్టూలు, రోడ్డు మీద ప్రభుత్వం రూలు. ఈ మూడింటి నుంచీ తప్పించే సాధనం చేతికి దొరికిందనుకున్నాడు. పైగా కొట్టువాడు, "మీ మిల్లులో తాగేవాళ్ళు బోలెడుమంది ఉంటారుగా. వాళ్ళకి అమ్మిపెట్టు, అమ్మినాకే లెక్క చూసుకుందాం," అని ఇంకో పన్నెండు పెట్టెలు చేతిలో పెట్టాడు. కోటేష్ వాటిని ఫిట్టరు గదిలో పనిముట్ల పెట్టె అడుగున దాచాడు. మొదట్లో ఆ గదిలోనే పీల్చేవాడు. తరువాత ధైర్యం పెరిగి, దూదిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సు వెనుక, ఆ తరువాత పత్తి రాశుల చాటున. చూసిన ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు "మాకూ ఒకటి పడెయ్ రా," అని వెంటపడుతున్నారు కూడా.

కోటేష్ దుర్మార్గుడు కాదు. అగ్గిపుల్ల లేదు గనక నిప్పు లేదని మనస్ఫూర్తిగా నమ్మాడు. గేటు దగ్గర వెతికేది అగ్గిపెట్టెనే. ఇరవయ్యేళ్ళుగా ఆ మిల్లులో అందరికీ ప్రమాదమంటే అగ్గిపెట్టె, అగ్గిపెట్టె లేకపోతే క్షేమం. ఎంతో జాగ్రత్తగా ఉండేవారు సైతం పొరపడేది ఇలాంటి చోటే.

ఆ మధ్యాహ్నం మార్టూరు దగ్గర పల్లె నుంచి రైతు యలమందయ్య ట్రాక్టరు నిండా పత్తి తెచ్చాడు. పింజ పింజకీ మెరుస్తున్న పత్తి. దాన్ని యంత్రాల ముందు కొండలా పోశారు. కోటేష్ ఒక యంత్రానికి బెల్టు బిగించి, చేతులు తుడుచుకుని, ఆ పత్తి కొండ వెనక్కి వెళ్ళాడు.

అదే సమయంలో నాగజ్యోతి గంపలోని చెత్త పారబోయడానికి అటు వచ్చింది. పత్తి కొండ అంచున ఎర్రగా ఒక చుక్క వెలిగింది. దాని పైనుంచి తెల్లటి పొగ లేచింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ లేచింది.

జీవితమంతా ఆమె భయపడింది ఆ క్షణానికే. చిత్రమేమిటంటే, ఆ క్షణంలో ఆమెకి భయం వేయలేదు. గోడకి వేలాడుతున్న ఎర్ర బక్కెట్టు లాగింది. "నిప్పు! నిప్పు!" అని మిల్లంతా దద్దరిల్లేలా అరిచి, నిండు బక్కెట్టు నీళ్ళు ఆ పొగ మీద కుమ్మరించింది.

ఆ మిల్లులో ఆడవాళ్ళందరికీ అది అలవాటు చేయించిన పనే. జయకుమారి కేక వేసింది. బక్కెట్లు చేతులు మారాయి. సైరన్ మోగింది. యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పదో బక్కెట్టో పదకొండో బక్కెట్టో పడ్డాక, పత్తి కొండ వెనుక నుంచి ఒక ఆకారం లేచి నిలబడింది. ఒళ్ళంతా తడి, తల నిండా దూది. నోట్లో ఆ సిగరెట్టు అలాగే ఉంది. దాని కొసన లైటు టపటపా కొట్టుకుంటోంది.

"ఆపండే తల్లీ! నేనే!" అన్నాడు కోటేష్.

"ఓరి నాయనో, నా పత్తి!" అని యలమందయ్య తలపాగా తీసి నేలకి కొట్టాడు. "ఆకాశంలో మబ్బు తునక లేదని చూసుకుని బయల్దేరానయ్యా! ఇంటి కప్పు కింద వాన కురిసిందేందయ్యా!"

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. నాగజ్యోతి మాత్రం భర్త ఒళ్ళంతా తడిమి తడిమి చూసింది. కాలిన గాయం ఎక్కడా లేదని తేలాక, ఖాళీ బక్కెట్టు తీసి గోడకి తగిలించింది.

అరగంట తరువాత ఆఫీసు ముందు రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టారు. మేనేజరు సంజీవరావు గారు కుర్చీలో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ మిల్లులో ఉన్న పెద్దమనిషి. ఆదివారం చర్చిలోనూ, మిగతా రోజుల్లో మిల్లులోనూ ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన ఎదురుగా బల్ల మీద ఆ వింత సిగరెట్టు ఉంది.

"కోటేషూ, ఏంటిది?"

కోటేష్ అప్పటికి తల తుడుచుకుని తేరుకున్నాడు. పనిముట్ల పెట్టెలోంచి ఒక పెట్టె తెచ్చి, దానితోపాటు ఇచ్చిన కాగితం కూడా చూపించాడు.

"సార్, బోర్డు ఒక్కసారి చదవండి. బీడీ అన్నారు, ఇది బీడీ కాదు. సిగరెట్టు అన్నారు, ఇది ఎలక్ట్రానిక్ ఐటెం. అగ్గిపెట్టె లేదు, లైటరు లేదు. ఇక వచ్చేది పొగ కాదు సార్, ఆవిరి! ఇడ్లీ గిన్నె మూత తీస్తే వచ్చేదీ ఆవిరే. ఇడ్లీ తిన్నవాడికి ఫైను వేస్తామా సార్?"

మగవాళ్ళలో కొందరు ఈల వేశారు. "కోటేషుగాడు లాయరు కావాల్సినోడురా!" అన్నాడొకడు వెనుక నుంచి.

సంజీవరావు గారు లేచి గేటు దాకా నడిచి వెళ్ళి బోర్డు చదివారు. తిరిగి వచ్చి కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నిజమేనయ్యా. ఆ బోర్డు రాసిన రోజున ఇట్టాంటి వస్తువు లేదు. నిన్ను తప్పుపట్టడానికి నా దగ్గర రూలు లేదు."

కోటేష్ తడి కాలరు సర్దుకుని గర్వంగా చుట్టూ చూశాడు.

"అయితే ఇక నాగజ్యోతి సంగతి తేలాలి," అన్నారు సంజీవరావు గారు.

"దాని సంగతేముంది సార్?"

"పొగ లేదని నువ్వే చెప్పావు కదయ్యా. పొగ లేకుండా నిప్పని అరిస్తే మన దగ్గర ఏం రూలుందో నీకు తెలుసు."

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. ఆ రూలు అందరికీ తెలుసు. ఐదేళ్ళ క్రితం ఎవడో వేళాకోళానికి "నిప్పు!" అని అరిస్తే, జరిగిన తొక్కిసలాటలో జయకుమారి కాలు విరిగింది. అప్పటి నుంచి పొగ చూసి అరిచినవాళ్ళని ఒక్క మాట అనకూడదని, పొగ లేకుండా అరిచినవాళ్ళు ఆ సీజనంతా గేటు లోపల అడుగు పెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఆ కట్టుబాటు పెట్టమని అడిగింది జయకుమారే. ఇప్పుడామె తలవంచుకుని తన కాలు చూసుకుంటోంది.

నాగజ్యోతికి సీజను పని పోవడమంటే చిన్న సంగతి కాదు. శ్రీదివ్య చదువు నడిచేది ఆ కూలి మీదే. ఆమె లేచి నిలబడింది. చీర చెంగు ఇంకా తడిగానే ఉంది.

"సార్, నేను ఏడో తరగతి దాకా చదువుకున్నా. ఏది పొగో ఏది ఆవిరో నాకు తెలీదు. మీరంతా పొగ కాదంటే కాదేమో. సీజనంతా రావద్దంటే రానండి. కానీ ఒక్క మాట. మళ్ళీ రేపు అట్టాంటిది కనపడినా నేను బక్కెట్టే ఎత్తుతాను. దగ్గరికి పోయి, బాబూ నువ్వు పొగవా ఆవిరివా అని అడిగేంత ధైర్యం నాకు లేదు సార్."

కోటేష్ భార్య వైపు చూశాడు. తను ఎంత తెలివిగా వాదిస్తే, ఆమె అంత దోషి అవుతోంది. తను గెలిస్తే ఆమె గేటు బయట నిలబడాలి. ఇడ్లీ గిన్నె మాటకి ఈల వేసిన స్నేహితులు "ఇంకేం మాట్లాడకు, నీ ఉద్యోగం నిలబడిందిగా," అని సైగ చేస్తున్నారు.

"సార్..." అన్నాడు కోటేష్. దగ్గి, మళ్ళీ అన్నాడు. "సార్, అది పొగే."

"ఇందాక ఆవిరన్నావు?"

"ఇడ్లీ కోసం ఎవడూ గంటకోసారి గోడ చాటుకి పోడు సార్. నేను పోతున్నాను. అది లేకపోతే చేతులు వణుకుతున్నాయి. పాత రోగమే సార్, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. మానేశానని అందరికీ అబద్ధం చెప్పా. సాయిబు గారికీ, మా ఇంట్లోదానికీ." అతను ఫిట్టరు గది వైపు చూశాడు. "అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. పోయిన సోమారం దీన్ని ఫిట్టరు గదిలో చార్జింగుకి పెట్టి అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, కింద బల్ల చెక్క నల్లగా కమిలి ఉంది. చూసి భయమేసింది. దాని మీద గ్రీజు డబ్బా పెట్టి దాచేశా."

"పక్కన ఏమున్నాయి?"

"చేతులు తుడుచుకునే దూది సార్. మూట."

మాబు సాహెబ్ ఫిట్టరు గదికి వెళ్ళి వచ్చాడు. "ఉంది సార్. రూపాయి బిళ్ళంత. ఇన్నాళ్ళూ నేను అగ్గిపెట్టెలు లెక్కబెట్టుకుంటా కూర్చున్నా. అగ్గేమో కళ్ళజోడు పెట్టెలో కూర్చుని, నాకు సలాం కొట్టి మరీ లోపలికి పోయింది."

అప్పుడు ఏడ్చింది నాగజ్యోతి. అంతా ముగిశాక ఏడ్చింది. జయకుమారి కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమెని దగ్గరికి తీసుకుని, "ఇంకెప్పుడన్నా నీ భయాన్ని చూసి నవ్వితే నా రెండో కాలు కూడా విరగ్గొట్టవే," అంది. అంత ఏడుపులోనూ ఆ మాటకి నవ్వు ఆగలేదు ఎవరికీ.

సంజీవరావు గారు లేచి నిలబడ్డారు.

"బోర్డు మీద పేరు లేదు గనక వదిలేద్దామనుకున్నాను. అది నా పొరపాటు. ఆ బోర్డు మీద మనం రాసుకున్నవి వస్తువుల పేర్లు. దాని వెనక ఉన్న మాట ఒకటే: లోపలికొచ్చిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి పోవాలి. రేపు ఇంకో పేరుతో, ఇంకో రంగులో ఇంకోటి వస్తది. వచ్చిన ప్రతిసారీ 'దీని పేరు రూల్లో ఉందా' అని అడిగేకంటే, 'ఇది పక్కవాడికి హాని చేస్తదా' అని అడిగితే చాలు. నాగజ్యోతి అడిగింది ఆ ప్రశ్నే. అందుకే ఇవాళ మనందరం ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నాం."

శిక్ష కూడా ఆయనే చెప్పారు. కోటేష్ పది రోజులు ఫిట్టరు పని చేయకూడదు. తడిసిన పత్తి పింజ పింజా విప్పి ఎండలో ఆరబోసి, యలమందయ్య సరే అనేదాకా తిరగేయాలి. సాయంత్రాలు గేటు దగ్గర మాబు సాహెబ్ పక్కన నిలబడి, బోర్డు మీద కొత్తగా రాయించే 'పేరు ఏదైనా, పక్కవాడికి హాని చేసేది లోపలికి తేరాదు' అనే వాక్యానికి అర్థం అందరికీ చెప్పాలి.

"నాకిష్టమే," అన్నాడు యలమందయ్య తలపాగా దులిపి చుట్టుకుంటూ. "కానీ నా పత్తి ఆరబోసేటప్పుడు ఆ గొట్టం నోట్లో కనపడితే మాత్రం, ఈసారి బక్కెట్టు నేనెత్తుతా!"

మూడో రోజుకే పత్తి ఆరింది. ఆరో రోజు ఆదివారం. కోటేష్, నాగజ్యోతి బస్సెక్కి గుంటూరు వెళ్ళారు. కళ్ళ డాక్టరు దగ్గరికి కాదు. సంచిలో ఉన్న పన్నెండు పెట్టెలూ తిరిగి ఇవ్వడానికి.

కొట్టువాడు పెట్టెలు చూసి మొహం చిట్లించాడు. "ఒక్కటీ అమ్మలేదా అన్నా? నీ వల్ల కాకపోతే కాకపోయింది గానీ, ఇక్కడ కాలేజీ పిల్లలు ఎగబడి కొంటున్నారు. పిప్పరమెంటు వాసనది వచ్చింది, ద్రాక్ష వాసనది వచ్చింది. ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు."

నాగజ్యోతికి కూతురు గుర్తొచ్చింది. శ్రీదివ్యకి పదహారేళ్ళు. రోజూ ఇలాంటి కొట్ల ముందు నుంచే కాలేజీకి నడిచి వెళుతుంది. "బాబూ, చిన్నపిల్లలకి సిగరెట్లు అమ్మకూడదంటారు కదా?" అంది.

"సిగరెట్లు కాదమ్మా ఇవి. దీనికి రూలు లేదు. వచ్చినప్పుడు మానేద్దాంలే, తొందరేముంది?"

కోటేష్ పెట్టెలు బల్ల మీద పెట్టాడు. నెల రోజుల క్రితం తను తేనెలా మింగిన మాటే అది. ఇప్పుడు గొంతులో ముల్లులా దిగింది.

"తమ్ముడూ, నీకు పిల్లలున్నారా?"

"ఒక పాప. రెండేళ్ళు."

"నాకూ ఒక పాపే. రూలు వచ్చినప్పుడు మానేస్తానంటున్నావు. సరే. అది వచ్చేదాకా మా అమ్మాయి వయసు ఆగుద్దా? మీ అమ్మాయి వయసు ఆగుద్దా? నలభయ్యేళ్ళ గొడ్డుని, నా చేతనే ఇది అబద్ధాలు ఆడించింది. పదహారేళ్ళ పిల్లల చేత ఏం చేయిస్తదో నువ్వే ఆలోచించు."

కొట్టువాడు వెంటనే మారిపోయాడని చెబితే అది అబద్ధం. కానీ అద్దాల బీరువాలో ముందు వరసలో పిల్లలకి కనిపించేలా పెట్టిన రంగు రంగుల పెట్టెల వైపు ఒకసారి చూసి, వాళ్ళు కొట్టు మెట్లు దిగుతుండగా వాటిని తీసి కింద అరలో పెట్టాడు. నాగజ్యోతి వెనక్కి తిరిగి అది చూసింది.

బస్సులో ఆమె అడిగింది: "ఏమండీ, మళ్ళీ చేతులు వణికితే ఏం చేస్తారు?"

"నీకు చెప్తా."

"చెప్తే నేను భయపడతాగా!"

"భయపడు. అందుకే చెప్తా," అన్నాడు కోటేష్. ఇద్దరూ నవ్వుకున్నారు.

కోటేష్‌కి మానడం సులువు కాలేదు. రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ భార్యకి చెప్పాడు, మూడోసారి తప్పలేదు. ఆ తరువాత పదేళ్ళకి గానీ, 2019లో, ఎలక్ట్రానిక్ సిగరెట్లు తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం, నిలవ ఉంచడం, ప్రకటనలు ఇవ్వడం నేరమని దేశమంతటికీ చట్టం రాలేదు. మంచి చట్టమే. కానీ ఈలోగా పదహారేళ్ళ పిల్లలు ఇరవై ఆరేళ్ళవాళ్ళయ్యారు. వాళ్ళలో ఎంతమంది ఆ పిప్పరమెంటు వాసనకి చిక్కారో ఏ బోర్డు మీదా రాసి లేదు.

కనుక తల్లులారా, తండ్రులారా, కొట్లు నడిపే అన్నలారా! చట్టం రావాలి, వచ్చినదాన్ని మనం పాటించాలి. అయితే బిడ్డకి హాని చేసేదని తెలిసిన వస్తువుని, దాని పేరు ఏదైనా సరే, చట్టం వచ్చేదాకా ఆగకుండా తెలిసిన రోజే మన గుమ్మంలో ఆపెయ్యాలి.